రక్తనాళ విద్యార్థికి పరీక్ష కాగితం మీదా, చేతి మీదా?

న్యూఢిల్లీ: డాక్టర్లు, నర్సులు కాకుండా ఆస్పత్రుల్లో రోగులను యంత్రాలతో పరీక్షించే సాంకేతిక నిపుణుల చదువును ఒక గాడిన పెట్టేందుకు పార్లమెంటు 2021 మార్చిలో జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. యాభైకి పైగా వృత్తులు దీని పరిధిలోకి వచ్చాయి. గుండె, రక్తనాళాల పరీక్షలు జరిపే కార్డియోవాస్కులర్ టెక్నాలజిస్టులూ వీటిలో ఉన్నారు. ప్రవేశానికీ, చదువు ముగించి వృత్తిలోకి అడుగుపెట్టేందుకూ దేశమంతటా ఒకే తరహా పరీక్షలు ఏర్పాటు చేసే బాధ్యత కమిషన్‌కు దఖలుపడింది. ఈ రెండో పరీక్ష దేనిని కొలవాలన్నది మాత్రం తేలికగా తేలే విషయం కాదు.

ఈ వృత్తిలో పొరపాటు ఎక్కడ దొర్లుతుందో తెలిస్తే సమస్య బోధపడుతుంది. మెదడుకు రక్తం తీసుకువెళ్లే కెరోటిడ్ ధమని పూడుకుపోతే పక్షవాతం రావచ్చు. అది ఎంత పూడిందో తెలుసుకోవడానికి మెడ మీద ప్రోబ్ ఆనించి, డాప్లర్ పద్ధతిలో రక్తం వేగాన్ని కొలుస్తారు. నాళం ఇరుకైన చోట వేగం పెరుగుతుంది. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగం వరకు, 230 దాటితే 70 శాతం వరకు నాళం మూసుకుపోయిందని స్థూలమైన లెక్క. అయితే యంత్రం వేగాన్ని తనంతట తాను పసిగట్టదు. ధ్వని తరంగం రక్తప్రవాహాన్ని ఏ కోణంలో తాకుతున్నదో పరీక్షించే వ్యక్తి తెరమీద గీత తిప్పి చూపితే, దానిని బట్టి లెక్క కడుతుంది. అసలు కోణం 60 డిగ్రీలు కాగా 65 అని చూపితే, వేగం సుమారు 18 శాతం ఎక్కువగా వస్తుంది. 110 ఉండవలసిన అంకె 130 అవుతుంది. జబ్బు లేని మనిషి జబ్బు మనిషిగా మారి, తదుపరి పరీక్షలకు పరుగెత్తవలసి వస్తుంది. గీత అటు కాక ఇటు, 55కు జరిగిందా, 135 ఉన్న రోగికి 118 అని నివేదిక వెళ్తుంది. మొదటి పొరపాటు కన్నా ఇదే ప్రమాదకరం.

కోణం 60 డిగ్రీలు మించరాదన్న సూత్రాన్ని వల్లించిన విద్యార్థికి రాతపరీక్షలో పూర్తి మార్కులు పడతాయి. కుదురుగా పడుకోలేని వృద్ధుడి మెడ మీద ఆ కోణం పట్టగలడో లేదో జవాబు పత్రం చెప్పదు.

ఈ చదువు స్థిరపడిన అమెరికాలో సైతం ఈ చిక్కు పూర్తిగా వీడలేదు. అక్కడ అభ్యర్థులు ధ్వనితరంగాల భౌతికశాస్త్రంలోనూ, రక్తనాళ శాస్త్రంలోనూ కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్షలు రాస్తారు. కళాశాలల గుర్తింపునకు విద్యార్థుల ఉత్తీర్ణతను, వారికి దొరికిన ఉద్యోగాలను పరిగణిస్తారు. చేతి నైపుణ్యానికి ధ్రువీకరణ మాత్రం చదువు చెప్పిన కళాశాల, శిక్షణ ఇచ్చిన ఆస్పత్రి నుంచే వస్తుంది. బ్రిటన్‌లో ఈ వృత్తిదారుల సంఘం రాతపరీక్షతోపాటు ప్రాక్టికల్ పరీక్ష కూడా జరుపుతుంది.

మన చట్టం గంటలను మాత్రం స్పష్టంగా చెప్పింది. అనుబంధ వృత్తులకు కనీసం 2,000 గంటలు, ఆరోగ్య వృత్తులకు 3,600 గంటలు చదవాలి. గంటలు లెక్కించడం సులభం. లాగ్‌బుక్‌లో సంతకం చేయడం ఇంకా సులభం. విద్యార్థి తీసిన కొలతను అనుభవజ్ఞుడు ముందటి అంకె చూడకుండా మళ్లీ తీసి పోల్చడం, ఆ రోగికి తరువాత జరిగిన యాంజియోగ్రామ్‌తో సరిచూడటం కష్టమైన పని. దానికి మనుషులు కావాలి, ఖర్చూ అవుతుంది.

దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీరిలో కాళ్లకు రక్తప్రసరణ తగ్గిన వారిని ముందే గుర్తించడానికి చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించి చూస్తారు. 0.9 కన్నా తగ్గితే అనుమానించాలి. దీర్ఘకాల మధుమేహంలో నాళాలు గట్టిపడి, ఉన్న జబ్బును కప్పిపుచ్చేలా అంకె 1.4 కూడా దాటవచ్చు. అటువంటప్పుడు అంకెను నమ్మరాదని గ్రహించే విద్యార్థి కావాలి.

వీటన్నిటికీ మించిన ముడి మరొకటి ఉంది. ఆడశిశువుల భ్రూణహత్యలను అరికట్టడానికి 1994లో చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం అల్ట్రాసౌండ్ యంత్రాల వినియోగంపై కఠిన ఆంక్షలు విధించింది. గర్భస్థ శిశువు లింగాన్ని కనుగొనగల యంత్రాలన్నీ నమోదు కావాలి. నియమాలు పేర్కొన్న అర్హతలు గల వైద్యులే వాటితో స్కానింగ్ చేయాలి. ఆ చట్టం అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ మెడ నాళాలు చూసేదీ, గర్భాన్ని చూసేదీ తరచు ఒకే యంత్రం. ప్రోబ్ మారుతుంది, అంతే. వైద్యుడు కాని విద్యార్థి ఆ యంత్రం మీద ఏ మేరకు చేయి వేయవచ్చో తేల్చకుండా అతని చేతిని పరీక్షించడం ఎలా?

చట్టం అమలులో జాప్యాన్ని గమనించిన సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో కేంద్రానికి, రాష్ట్రాలకు రెండు నెలల గడువు విధించింది. 2025 ఏప్రిల్‌లో పది వృత్తులకు ఉమ్మడి పాఠ్యప్రణాళికలు వెలువడ్డాయి. డయాలసిస్, రేడియోథెరపీ వంటివి ఆ పదింటిలో ఉన్నాయి గానీ కార్డియోవాస్కులర్ టెక్నాలజీ లేదు. అదే ఏడాది యూజీసీ ఈ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో నడపరాదని ఆదేశించింది. చేతిపని పోస్టులో నేర్పలేరన్న సంగతిని ఆ విధంగా అంగీకరించినట్లయింది. ఇక అల్ట్రాసౌండ్ ముడి విషయానికి వస్తే, 1994 చట్టమూ, 2021 చట్టమూ రెండూ ఒకే ఆరోగ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి.