నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఒక పేరు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద దాదాపు నలభై కిలోమీటర్లు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఆ దూరాన్నే 1921లో ప్రమాణంగా ఖాయం చేశారు. నంద్యాల వీధులు ఒక చుట్టు తిరిగి బయల్దేరితే ఆళ్లగడ్డ చేరేసరికి లెక్క సరిపోతుంది. విదేశాల్లో మనవాళ్లు ఏటా మారథాన్లు పరిగెత్తుతున్నారు, బడులకూ ఆసుపత్రులకూ చందాలు పోగుచేస్తున్నారు. సైన్యంలో ప్రాణాలు విడిచిన తెలుగు బిడ్డల స్మృతిలో పరిగెత్తాలనుకుంటే మాత్రం ఆ పరుగు వాళ్ల సొంత ఊళ్ల దారి మీదే జరగాలి. దానికి ఆ ఇంటివాళ్లే ముందు నిలవాలి. సొమ్ము పంపడంతో మన పని తీరిపోదని మన ప్రవాస సంఘం పత్రిక ఈ సంచిక వాదన.

ఇలాంటి పరుగు వల్ల ఆ ఇంటికి ఏం ఒరుగుతుందన్న ప్రశ్నకు అమెరికాలో ఒక జవాబుంది. 2009 ఆగస్టులో అఫ్గానిస్తాన్‌లో భర్తను, కెప్టెన్ జాన్ హాలెట్‌ను, పోగొట్టుకున్న లీసా హాలెట్ తోటి సైనిక కుటుంబాల వాళ్లతో కలిసి పరిగెత్తడం మొదలుపెట్టారు. మరుసటి ఏటికి అది ‘వేర్ బ్లూ: రన్ టు రిమెంబర్’ అనే సంస్థగా రూపుదిద్దుకుంది. 1976 నుంచి వాషింగ్టన్ ప్రాంతంలో జరుగుతున్న మెరైన్ కోర్ మారథాన్‌లో ఈ సంస్థ ఒక మైలు పొడవునా అమరుల ఫొటోలు, ఆ తర్వాత జెండాలు పట్టిన మనుషుల్ని నిలబెడుతుంది. అప్పటిదాకా కబుర్లాడుకుంటూ వచ్చిన వాళ్లు కూడా ఆ మైలులో మాట తగ్గిస్తారు. ఒక్కో ఫొటో ముందు ఆగి పేరు చదివేవాళ్లుంటారు. మన దగ్గర దినకర్మో, నలభయ్యో రోజు ఫాతెహానో అయిపోయాక బంధువులు ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. సంవత్సరీకం దాటాక ఆ పేరు ఎత్తితే తల్లి ఏడుస్తుందేమోనని చుట్టుపక్కలవాళ్లు ఎత్తడమే మానేస్తారు. తల్లికి కావలసింది మాత్రం ఎవరో ఒకరు ఆ పేరు ఎత్తడమే. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఈ లోటు తీర్చలేదు. ఊరు తీర్చగలదు.

చావు జరిగిన ఇంటి పేరు చెప్పి పరుగులేమిటి, ఇది మన పద్ధతి కాదు కదా అని పెద్దలు కొందరు అడుగుతారు. రాయలసీమ చరిత్ర అలా చెప్పడం లేదు. పోరులో పడిన వాడికి ఊరి పొలిమేరలోనో దారి పక్కనో వీరగల్లు నాటిన నేల ఇది. దుఃఖాన్ని నాలుగు గోడల మధ్య దాచలేదు, దారిన పోయేవాళ్లందరి కళ్లబడేలా నిలబెట్టారు. ఈస్టిండియా కంపెనీపై తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. జనాన్ని భయపెట్టడానికి ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీసి ఉంచారని చెబుతారు. జనం మాత్రం ఆయన్ని పాట కట్టి ఊరూరా పాడుకున్నారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టింది 2021లో. అంతకాలం ఆ పేరును మోసింది జానపదుల గొంతులే. ఇక అహోబిలం పారువేట సంగతి చూడండి. కనుమనాడు బయల్దేరిన నరసింహస్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతుంది. ఏ ఊరి మర్యాద ఏమిటో, పల్లకి భుజానికెత్తుకునేది ఎవరో ఆ పల్లెలకు తరతరాలుగా తెలుసు. ఊరి నుంచి ఊరికి కాలినడకన ఒకరిని గౌరవంగా సాగనంపడం ఇక్కడివాళ్లకు మనం నేర్పాల్సిన విద్య కాదు.

ప్రభుత్వాలు ఆదుకుంటున్నాయి కదా అన్నది రెండో అభ్యంతరం. నిజమే. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఐదు కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో సరిహద్దులో నేలకొరిగిన గోరంట్ల మండలం కల్లితండా అగ్నివీర్ మురళీ నాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి ప్రకటించింది. అది వాళ్ల హక్కు, అందాల్సిందే. కానీ విధుల్లో ఉండగా జబ్బుతోనో, మామూలు ప్రమాదంలోనో పోయిన జవాన్లను సైన్యం వేరే లెక్కలో వేస్తుంది. పోరులో పోయిన రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి చివరి జీతమంత పింఛను వస్తే, వీళ్ల కుటుంబానికి, ఆ మరణం సైనిక సేవ వల్లేనని తేలినా, అందులో 60 శాతమే. అలాంటి ఇంటికి మంత్రులు రారు, టీవీ కెమెరాలు రావు. అమెరికాలో 1994 నుంచి పనిచేస్తున్న ‘ట్యాప్స్’ సంస్థ మరణానికి కారణమేమిటని చూడకుండా సైనిక కుటుంబాలన్నిటికీ తోడు నిలుస్తోంది. మన పరుగులో కూడా ఆ తేడా ఉండకూడదు. నిజానికి ఈ పరుగు అవసరం ఎక్కువగా ఉన్నది ఎవరూ తలుచుకోని అలాంటి ఇళ్లకే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. పరుగు కాస్తా నాయకుల ఫ్లెక్సీల కింద జాతర అయిపోతుందని, ఎన్నారైల సెల్ఫీల్లో అమరుడు ఎక్కడో మూలన పడిపోతాడని భయం. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు, కట్టుబాట్లతోనే ఎదుర్కోవాలి. బనీను మీద అమరుడి పేరు, ఊరు తప్ప ఏ నాయకుడి బొమ్మా, ఏ కంపెనీ గుర్తూ ఉండకూడదు. మా సంఘం పేరు కూడా ఉండకూడదు. కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఫొటో వాడకూడదు. వద్దంటే అక్కడితో ఆపేయాలి, రెండోసారి అడగకూడదు. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా అందరికీ కనబడాలి. ఖర్చులు పోను మిగిలింది ఎవరి పిల్లల చదువుకు వెళ్లాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో మాట్లాడి తేల్చుకోవాలి.

పరుగు తీరు కూడా ఆ నేలకు తగ్గట్టే ఉండాలి. ఎండాకాలంలో రాష్ట్రంలోకెల్లా మండిపోయే ఊళ్లలో నంద్యాల ఒకటి. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించాలి. లారీలు తిరిగే రహదారి మీద ఒక పక్క పూర్తిగా మూసేందుకు పోలీసులు ఒప్పుకుంటేనే బయల్దేరాలి. మొత్తం దూరం పరిగెత్తగలిగేవాళ్లు కొందరే ఉంటారు. మిగతావాళ్లు శిరివెళ్ల లాంటి ఊళ్ల దగ్గర ఒకరి నుంచి ఒకరు అందుకోవచ్చు. బడిపిల్లలు ఒక కిలోమీటరు పరిగెత్తితే చాలు, అమరుల తల్లిదండ్రులు తమకు ఓపికున్నంత నడిస్తే చాలు. విదేశాల నుంచి వచ్చే మనం ముందు వరసలో కాకుండా నీళ్లందించే బల్లల దగ్గర నిలబడదాం. తేదీ మన సెలవులను బట్టి కాకుండా ఆ కుటుంబం చెప్పినదాన్ని బట్టి నిర్ణయించాలి. వచ్చే కార్యవర్గ సమావేశం ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాం. ఆ ప్రాంతంలో పుట్టిపెరిగిన సభ్యులు, ముఖ్యంగా సైనిక కుటుంబాల వాళ్లు, ఇందులో ఏది కూడదో ముందుగా చెప్పాలని కోరుతున్నాం.