కలివికోడి కూత ఎవరి ఫోన్‌లో ఉండాలి?

మినీ ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుకుతూ నేను మొదట పట్టుకున్నది డుగాంగ్‌ని. సముద్రపు ఆవు అంటారు కదా, అదే. డ్రోన్ ఫొటోల్లోంచి వాటిని మోడల్‌తో లెక్కపెట్టొచ్చని చదివి భలే అనిపించింది. ఆ జంతువుకి దేశాల హద్దులు తెలీవు కాబట్టి 2007లో అబుదాబిలో కొన్ని దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి, మన దేశం 2008లో చేరింది. 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లు దానికోసమే కేటాయించింది.

సెలవులకి వీరపునాయునిపల్లె వెళ్ళినప్పుడు ఇదంతా మా అబ్బకి చెప్పా. ఆయన శెనక్కాయలు వొలుస్తూ, "సముద్రం యాడ, మనం యాడరా? మన లంకమలలో కలివికోడి అని పేపర్లో రాస్తాండ్రి గదా, అదేమాయ?" అన్నాడు.

నాకు తెలీదు. సిగ్గేసింది. మా జిల్లా పిట్ట గురించి మా అబ్బకి పేపర్లో చదివిన ముక్కైనా తెలుసు, ఇంటర్నెట్ ఉన్న నాకు అదీ లేదు. ఆ రాత్రే మొదలుపెట్టి దొరికినవన్నీ చదివా.

ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి మనవాళ్ళకి కలివికోడి. 1848లో జెర్డాన్ అనే ఆయన దీన్ని కనుగొన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నారు, కానీ రాత్రిపూట టార్చిలైట్ వేసి పిట్టని చేత్తో పట్టుకుంది ఐతన్న అనే స్థానికుడు. పిట్టలు పట్టడం ఆయన పని. పాపం, ఆ పిట్ట కొన్నాళ్ళకే చచ్చిపోయింది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

తర్వాతే అసలు అంతర్జాతీయ పని. బాంబే సొసైటీతో పాటు బ్రిటన్ నుంచి రీడింగ్ యూనివర్సిటీ, పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ కలిశాయి. పి. జగన్నాథన్ అనే పరిశోధకుడు ఇక్కడే ఉండి పనిచేశాడు. వీళ్ళ ఐడియా నాకు చాలా నచ్చింది. రాత్రి మాత్రమే తిరిగే పిట్టని చూడలేం కాబట్టి పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్ళి అడుగుజాడలు చూసేవాళ్ళు. ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. కూత రికార్డ్ చేశారు, సాయంత్రం చీకటి పడగానే దాన్ని ప్లే చేసి జవాబు వస్తుందేమో అని వినేవాళ్ళు. హెక్టారుకి సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే ఇది ఎక్కువగా తిరుగుతుందని తేల్చారు. మరీ చిక్కగా ఉన్నా వద్దు, బోడిగా ఉన్నా వద్దు. (మా రూమ్‌మేట్ అద్దె ఇల్లు వెతికినట్టు.)

ఇంకోటి. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించింది. ఇంగ్లండ్ మ్యూజియంలో ఉన్న పాత పిట్టల డీఎన్‌ఏతో పోల్చి అది కలివికోడి గుడ్డే అని నిర్ధారించారు. మన పొదల పిట్ట గుడ్డు చూడాలంటే స్కాట్లాండ్ వెళ్ళాలి!

దీని గురించి హాస్టల్‌లో చెప్తే ఒకడు అడిగాడు: "సీమకి నీళ్ళు ముఖ్యమా, పిట్ట ముఖ్యమా?" మామూలు ప్రశ్న కాదిది. నీళ్ళ బిందెల కోసం లైన్లో నిలబడిన ఇంట్లోంచే నేనూ వచ్చా. కాలువ వద్దనే హక్కు నాకు లేదు. కానీ జరిగింది చూడండి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఉండే పొదల్లోకి వచ్చింది. పరిశోధకుల దగ్గర పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆధారాలున్నాయి, శాటిలైట్ చిత్రాలున్నాయి. అవి చూపించి అడిగితే కాలువ దారి మార్చారు. కాలువ ఆగిపోలేదు, పక్కకి జరిగింది. అంటే గొడవ నీళ్ళకీ పిట్టకీ కాదు. మ్యాప్ ముందే చేతిలో ఉండటానికీ, తవ్వాక చూసుకోవడానికీ.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ పేపర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాకే నాలుగుసార్లు చదివితే గానీ ఎక్కలేదు, నేను ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం. రోజూ ఆ పొదల్లో మేకలు తోలే మనిషికి వాటిలో ఒక్క పేజీ కూడా చేరే దారి లేదు. ఐతన్న కళ్ళూ చేతులూ లేకపోతే ఈ కథే లేదు కదా? దేశాల మధ్య సహకారం అంటే లండన్, ముంబై మధ్య ఈమెయిళ్ళు మాత్రమే అయితే, వేళ్ళకి నీళ్ళు పోయకుండా ఆకులు తుడిచినట్టే ఉంటుంది.

చాలా ఏళ్ళు మళ్ళీ జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు దీని కూత రికార్డ్ చేశారు. మనలాంటి వాళ్ళకి పని ఇక్కడే ఉంది. చిన్న రికార్డర్లు పొదల్లో పెడితే వేల గంటల ఆడియో వస్తుంది, అందులో మోడల్‌తో వెతకాలి. అసలు కూతల శాంపిల్స్ పిడికెడే, మిగతాదంతా కీచురాళ్ళు, తీతువులు, లారీ హారన్లు. ల్యాబ్‌లో 99 శాతం యాక్యురసీ అని స్లైడ్ వేసుకునే మోడల్ ఇక్కడ ఒక్క కూతా పట్టకుండా కూడా 99 శాతం తెచ్చుకోగలదు. మోడల్ పట్టిన ప్రతి క్లిప్పునీ ఎవరో ఒకరు విని అవునో కాదో చెప్పాలి. ఆ చెవులు ఆ ఊళ్ళ వాళ్ళవే అయి ఉండాలని, వాళ్ళ పేర్లు కూడా పేపర్లో రచయితల వరసలో ఉండాలని నా వాదన. ఫలితాలు ముందు తెలుగులో, వీలైతే వాయిస్ మెసేజ్‌గా రావాలి. క్లబ్‌లో అనువాదం చేయగలిగిన వాళ్ళున్నారు, ఈ సెమిస్టర్‌లో ఒక్క పేపర్‌తో మొదలుపెడదాం. నేను రెడీ.

ఊరి నుంచి వచ్చే ముందు రోజు, ఆన్‌లైన్‌లో ఉన్న పాత రికార్డింగ్ ఒకటి అబ్బకి వినిపించా. రెండు ముక్కల చిన్న కూత, ఊరికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆయన చేతిలో శెనక్కాయలు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"తీతువు మాత్రం కాదురా," అన్నాడు. "చిన్నప్పుడు ఇన్నెట్లే ఉంది... ఇంగోసారి పెట్టు."