మొండి బోల్టుకి బుజ్జగింపే మందు

‘టక్‌!’

చిన్న చప్పుడే. కానీ ఒక్కసారి విన్నవాళ్లెవరూ మర్చిపోరు. చేతిలో పానా ఉన్నట్టుండి తేలికైపోతుంది. ‘హమ్మయ్య, వదిలింది’ అనుకుంటాం. తీరా చూస్తే తల మన చేతికొస్తుంది, మొండెం ఇంజిన్లోనే ఉండిపోతుంది!

ఈమధ్య ఓ ఆదివారం నాకు జరిగింది అదే. బండి నాన్నది. ఇరవయ్యేళ్లనాటి మోటార్‌సైకిల్‌. అమ్మేద్దామంటే రెండు రోజులు మాట్లాడరు. సైలెన్సర్‌ ఇంజిన్‌ను కలిసేచోట లీకై ‘ఫట్‌ ఫట్‌’మంటోంది. ఉన్నవి రెండే నట్లు. విప్పి గ్యాస్కెట్‌ మార్చేస్తే సరి, పది నిమిషాల పని అనుకున్నా. మొదటిది బుద్ధిగా వచ్చింది. రెండోది ససేమిరా అంది. పంతం వచ్చింది నాకు. పానాకి పైపుముక్క తొడిగి బలమంతా వేశా. టక్‌! నట్టుతోపాటు స్టడ్డూ విరిగింది. నాలుగు మిల్లీమీటర్ల ముక్క మాత్రం హెడ్డులోంచి బయటికి కనిపిస్తోంది. నాన్న వచ్చి చూశారు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది!

వీధి చివర షాపులో ‘హెడ్డు మార్చాల్సిందే’ అన్నారు. ఆ మోడల్‌కి కొత్త హెడ్డు ఎక్కడా దొరకలేదు. అంటే బండి పాత ఇనుముకి పోవాల్సిందేనా? ఆఖరి ప్రయత్నంగా ట్రాలీ ఆటోలో వేసుకుని విశాఖపట్నంలో గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లా. అరవై దాటిన మేస్త్రి ఒకాయన వంగి చూసి నవ్వారు. ‘బలమున్నోళ్ల చేతిలోనే బోల్టులు విరుగుతాయి బాబూ!’

ఎందుకు పట్టేస్తుంది?

మొదటి ముద్దాయి తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికన్నా ఎక్కువ చోటు కావాలి. మరల మధ్య ఉన్నది సన్నటి సందు. అందులో తుప్పు ఉబ్బి, మేకు కొట్టినట్టు బిగిసిపోతుంది. బోల్టు ఉక్కుది, హెడ్డు అల్యూమినియంది అయితే ఇంకో తంటా. రెండు వేర్వేరు లోహాల నడుమ ఉప్పు తేమ చేరితే అదో బుల్లి బ్యాటరీ! అల్యూమినియం కొద్దికొద్దిగా తినేసుకుపోయి తెల్లటి పొడి పేరుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. పైగా సైలెన్సర్‌ స్టడ్డులకి రోజూ కాలడం, చల్లారడం తప్పదు.

ఎలా వచ్చింది?

మేస్త్రి ఆ రోజు పానా ముట్టుకోలేదు. స్టడ్డు చుట్టూ వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేశారు. సుత్తితో తేలిగ్గా తట్టారు. అలా తడితే తుప్పులో సన్నని పగుళ్లొచ్చి నూనె లోపలికి దిగుతుందట. ‘రేపు రండి’ అన్నారు. అంతే!

మన షాపుల్లో కనిపించే డబ్ల్యూడీ-40 కథ కూడా ఓపికదే. 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో క్షిపణులకి తుప్పు పట్టకుండా చూసేందుకు ఓ ద్రవం తయారుచేయబోయారు. నలభయ్యోసారికి కుదిరింది. పేరులోని 40 అదే.

మర్నాడు బండి ట్యాంకు తీసి దూరంగా పెట్టించారు. బ్యాటరీ వైర్లు విప్పారు. నూనె మిగలకుండా తుడిచారు. విరిగిన ముక్కమీద ఓ నట్టు పెట్టి, దాని బొక్కలోంచి వెల్డింగ్‌ చేశారు. ఈ వెల్డింగ్‌ ఉక్కుకి అతుక్కుంటుంది గానీ అల్యూమినియానికి అతుక్కోదు. పైగా వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. దాంతో పట్టు సడలుతుంది. కాస్త ఆగి నట్టుకి పానా వేశారు. ముందు బిగించే వైపు ఓ వెంట్రుకవాసి. తర్వాత విప్పే వైపు. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకి. కిర్రుమంటూ కదిలింది. ఆ చప్పుడు నాకు సన్నాయిలా వినిపించింది!

అలా రాకపోతే? సరిగ్గా నడిమధ్యన పంచ్‌ కొట్టి డ్రిల్‌ చేయాలి. ఆ బెజ్జంలోకి ‘ఈజీ అవుట్‌’ అనే ఎడమ మరల పనిముట్టు దింపి తిప్పాలి. పేరులోనే ఈజీ! అది చాలా గట్టి ఉక్కు. లోపల విరిగిందా, మామూలు డ్రిల్‌ బిట్టు దాన్ని కొరకలేదు. అసలు మరలే పోతే బెజ్జం పెద్దది చేసి, కొత్త మరలు వేసి, హెలికాయిల్‌ అనే స్ప్రింగులాంటి తీగచుట్ట దింపుతారు. పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. కాబట్టి ‘హెడ్డు మార్చాల్సిందే’ అని ఎవరైనా అంటే, ఇంకో మేస్త్రికి చూపించాకే నిర్ణయించుకోండి.

మీరు చేసేటప్పుడు...

* బోల్టు తలమీద సరిగ్గా కూర్చునే ఆరు పలకల బాక్సు పానా వాడండి. వదులు పానా తలని గుండ్రంగా అరగదీస్తుంది.

* పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు భాగాల దగ్గర మంట పెట్టొద్దు. నూనె వేసినచోట అసలే వద్దు. కళ్లకి అద్దాలు తప్పనిసరి.

* తిప్పుతుంటే స్ప్రింగులా సాగినట్టు అనిపిస్తే ఆగిపోండి. అది విరిగే ముందు చెప్పే మాట.

* తలమీద 8.8, 10.9 లాంటి అంకెలుంటే అవి బలానికి గుర్తు. అదే అంకె ఉన్న బోల్టే వేయండి. బ్రేకుల దగ్గర, చక్రాల దగ్గర పది రూపాయలు కలిసొస్తాయని చూసుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

* తిరిగి బిగించేటప్పుడు మరలు శుభ్రం చేయండి. సైలెన్సర్‌ స్టడ్డులకైతే వేడిని తట్టుకునే యాంటీ సీజ్‌ పేస్టు కాస్త రాయండి. ఈసారి విప్పేవాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు!

సాయంత్రం బండి ఇంటికి తెచ్చా. ‘ఫట్‌ ఫట్‌’ లేదు. నాన్న చుట్టూ తిరిగి చూసి, కిక్కు కొట్టి, చెవి వొగ్గి విన్నారు. అప్పుడు అన్నారు... ‘రెండో నట్టు దగ్గర నన్నొకసారి పిలవాల్సిందిరా’ అని.

నిజమే. నూనె వేయడమే కాదు, నేను అదీ మర్చిపోయాను.