ఆఖరి రోజుల సేవకు బోర్డు చాలదు

“ఇంక మేము చేసేదేమీ లేదు. ఇంటికి తీసుకుపొండి.” విజయవాడ ఆస్పత్రుల మెట్ల మీద ఈ మాట విని, మనిషిని అంబులెన్సులో పడుకోబెట్టుకుని బందరు రోడ్డు వెంబడి, కరకట్ట వెంబడి తిరిగివచ్చే కుటుంబాలు మన పల్లెలలో ఏటా ఎన్నో వుంటున్నాయి. అప్పటికే ఎకరమో అరెకరమో అమ్ముడుపోయి వుంటుంది. ఇంక మిగిలింది మనిషి, మనిషితో పాటు నొప్పి. డాక్టరుగారి మాట జబ్బు నయం చేయటం గురించి అయితే అది నిజమే కావచ్చు. కాని చేసేదేమీ లేదనటం మాత్రం నిజం కాదు. నొప్పి తగ్గించవచ్చు. వాంతులు ఆపవచ్చు. ఆయాసాన్ని నెమ్మదింపజేయవచ్చు. పడక పుండ్లు పడకుండా చూడవచ్చు. ఈ పనులకే ఉపశమన సేవ అని పేరు. పాలియేటివ్ కేర్ అంటున్నది దీనినే. ఆ పని కోసమే పెట్టిన చోటును హాస్పీస్ అంటున్నారు.

ఇటీవల విజయవాడలోను, చుట్టుపక్కల వూళ్లలోను ఈ ఇంగ్లీషు మాటలు బోర్డుల మీదికి ఎక్కుతున్నాయి. వృద్ధాశ్రమాల వారు, ఇళ్లకు నర్సులను పంపేవారు, చిన్న నర్సింగు హోముల వారు కూడా ఆఖరి దశ రోగులను చూస్తామంటున్నారు. వీరిలో మంచివారు లేరని మా అభిప్రాయం కాదు. అయితే ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నాగలి కట్టి చూసి కొన్న రైతు, కన్నతండ్రిని అప్పగించేటప్పుడు బోర్డు చూసి అప్పగించి రావటం విచారకరం. ఏమి అడగాలో, ఏమి చూడాలో తెలియకపోవటమే ఇందుకు కారణం.

దివిసీమ వైపు ఒక పల్లెలో గొంతు క్యాన్సరుతో పోయిన రైతు సంగతి మేము దగ్గరుండి చూశాము. ఆయనను ఒకచోట పంతొమ్మిది రోజులు వుంచారు. గది శుభ్రంగా వుంది, దుప్పటి తెల్లగా వుంది, రోజూ సెలైను ఎక్కింది, మూడుసార్లు రక్తపరీక్షలు జరిగాయి. రాత్రి అయ్యేసరికి మాత్రం ఆయన మంచం పట్టె పట్టుకుని మూలిగేవాడు. “నొప్పికి ఏదన్నా ఇవ్వమ్మా” అని కూతురు అడిగితే, డ్యూటీలో వున్న పిల్ల “ఇందాకే సూది వేశాం కదండీ, ఎక్కువ వేస్తే అలవాటు పడిపోతారు” అన్నదట. ఇంకా పది రోజులు బతకని మనిషికి అలవాటేమిటి అని ఆ కూతురు ఈ రోజుకూ అడుగుతూనే వుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు చాలామందే వున్నారు.

కనుక అన్నిటికంటే ముందు అడగవలసింది ఒకటే. మీ వద్ద మార్ఫిన్ బిళ్లలు వుంటాయా? క్యాన్సరు ముదిరిన నొప్పికి మామూలు బిళ్లలు చాలవు. ముందు చిన్న మందు, అది చాలకపోతే మధ్యరకం, అదీ చాలకపోతే మార్ఫిన్ అని మెట్లు మెట్లుగా ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించింది. సూది అక్కరలేదు, నోటితో మింగే బిళ్ల చాలు. మామూలు రకమైతే నాలుగు గంటలకు ఒకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. దానితో మలబద్ధకం తప్పదు గనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదటి రోజు నుంచే ఇవ్వాలి. ఈ రెండో మందు సంగతి కూడా అడిగి చూడండి. మార్ఫిన్ రాసి విరేచనాల మందు రాయని చోట ఆ పని తెలిసినవారు లేరని అనుమానించవలసిందే. నొప్పికి కొలిచి ఇచ్చే మార్ఫిన్ వల్ల రోగి తాగుబోతులా మారిపోతాడనే భయానికి ఆధారం లేదు. మోతాదు తెలిసిన డాక్టరు చేతిలో అది ప్రాణం తీసే మందు కూడా కాదు.

మార్ఫిన్ తయారయ్యేది నల్లమందు నుంచి. ఆ నల్లమందు మధ్యప్రదేశ్‌లోను, రాజస్థాన్‌లోను, ఉత్తరప్రదేశ్‌లోను మన రైతులే ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నారు. ఘాజీపూర్‌లోను, నీమచ్‌లోను ప్రభుత్వ కర్మాగారాలు వున్నాయి. అయినా మన రోగికి బిళ్ల అందక మూలుగుతున్నాడు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చిన తర్వాత ఒక్క ఆస్పత్రి మార్ఫిన్ తెచ్చుకోవాలంటే పలు శాఖల లైసెన్సులు కావలసి వచ్చేవి. ఈ తలనొప్పి ఎందుకని చాలా ఆస్పత్రులు ఆ మందునే మానుకున్నాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి ఒక్కటి వుంటే చాలునన్నారు. కనుక “మా దగ్గర ఆ మందు పెట్టకూడదండీ” అని ఎవరైనా అంటే నమ్మవద్దు. పెట్టకూడదని కాదు, పెట్టుకోవటానికి దరఖాస్తు చేయలేదని అర్థం. అనుమతి వున్నవారు ఆ కాగితం చూపించటానికి వెనుకాడరు.

రెండవది రాత్రి సంగతి. చూడటానికి వస్తున్నామని ముందుగా ఫోను చేసి పగలు పదింటికి వెళితే ఏ చోటైనా బాగానే వుంటుంది. చెప్పకుండా రాత్రి ఎనిమిదింటికి వెళ్లండి. నర్సు వున్నదా, ఎంతమంది రోగులకు ఒకరు వున్నారు, డాక్టరు ఫోనుకు అందుతాడా, కనుక్కోండి. వరండాలో కూర్చున్న రోగుల బంధువులతో రెండు మాటలు మాట్లాడితే మేనేజరుగారు గంటసేపు చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది. ఇంటికి వచ్చి చూస్తామనేవారిని కూడా ఇదే అడగాలి. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు పల్లెకు అర్ధరాత్రి ఎవరు వస్తారు? రాలేకపోతే ఫోనులో ఎవరు చెపుతారు? ఏ మందు ముందుగానే ఇంట్లో వుంచి వెళతారు? రాత్రి ఆయాసం వస్తే ముఖానికి గాలి తగిలేలా ఫాను తిప్పి, చెప్పిన మందు ఇవ్వండి అని ఇంటివారికి నేర్పి వెళ్లే నర్సు ఒక్కతె పది మంచాల నర్సింగు హోముతో సమానం.

ఇంక రోగి ఒళ్లు చూడాలి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల మీద చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. అక్కడ వున్న పాత రోగుల మడమలు ఎలా వున్నాయో, వారి ఇంటివారిని అడిగి చూడటం తప్పు కాదు. క్యాన్సరు పుండు వాసన వేస్తుంటే చాలాచోట్ల రోగిని మూల గదిలోకి నెట్టి తలుపు వేస్తారు. అగరువత్తులు వెలిగిస్తారు. నిజానికి మెట్రోనిడజోల్ బిళ్లను పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కడితే వాసన బాగా తగ్గుతుందని ఈ పని నేర్చిన ప్రతి నర్సుకూ తెలుసు. అది ఖరీదైన మందు కూడా కాదు. ఆ వాసన తగ్గటం వల్లనే మనవడు తాత మంచం దగ్గరకు వస్తాడు.

డబ్బు విషయంలో మన వారికి మొహమాటం ఎక్కువ. రాష్ట్రంలో 2002లో చేసిన చట్టం ప్రకారం ప్రైవేటు వైద్య సంస్థలన్నీ రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్టు చూపమనండి. రోజుకు ఎంత, అందులో ఏమేమి కలిసి వున్నాయి, అడ్వాన్సు మిగిలితే తిరిగి ఇస్తారా, రసీదు ఇస్తారా, అన్నీ మొదటి రోజే తేల్చుకోవాలి. అన్నం సహించని మనిషికి రోజూ పరీక్షలు ఎందుకని అడగటంలో తప్పు లేదు. ఆ పరీక్ష ఫలితాన్ని బట్టి మందు ఏమైనా మారుతుందా అని అడగండి. మారకపోతే అది బిల్లు కోసం చేసిన పరీక్షే. మరణించాక బాకీ కోసం దేహాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో స్పష్టంగా వుంది. మరణ ధ్రువపత్రం సంగతి కూడా ముందే అడిగి వుంచుకుంటే మంచిది. 21 రోజులలోగా మరణం నమోదు కాకపోతే పాసుపుస్తకాలు మార్చుకునేటప్పుడు తిప్పలు తప్పవు.

ఎక్కువ డబ్బు తీసుకునేచోట మంచి సేవ వుంటుందనుకోవటం భ్రమ. లండన్‌లో నర్సుగా పనిచేసి తర్వాత డాక్టరు చదివిన సిసిలీ సాండర్స్ అనే మహిళ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ స్థాపించి ఈ వైద్యానికి దారి వేసింది. మన దేశంలో మొదటిది 1986లో బొంబాయిలో శాంతి ఆవేదనా సదన్ పేరుతో మొదలైంది. హైదరాబాదులో బంజారాహిల్స్ రోటరీ క్లబ్బువారు 2011లో స్పర్శ్ హాస్పీస్ ప్రారంభించి, రోగుల వద్ద డబ్బు తీసుకోకుండా నడుపుతున్నారు. అదే నగరంలో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం వుంది. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రిలోను ఈ సేవ వుంది. కాని కైకలూరు మనిషి, కోడూరు మనిషి ఆఖరి వారంలో హైదరాబాదో విశాఖో పోవటం కుదిరే పని కాదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అని వెనుకటివారు అన్నది ప్రయాణం సంగతే.

కాగా చాలామంది కోరుకునేది తమ ఇంట్లో, తమ మంచం మీద పోవాలనే. మంచి సంస్థ రోగిని తమ దగ్గర వుంచుకోవాలని చూడదు, ఇంటికి పంపగలమా అని చూస్తుంది. ఇది కూడా ఒక పరీక్షే. అక్కడి డాక్టరు రోగి ముందు కూర్చుని మాట్లాడతాడా, బంధువులతో గుమ్మం బయట గుసగుసలాడి పోతాడా అన్నది గమనించండి. మన ఇళ్లలో జబ్బు పేరు రోగికి చెప్పరు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు. తెలిసీ తెలియనట్టు వుంటాడు. పొలం ఎవరికి రాయాలో, దుబాయిలో వున్న కొడుకును ఎప్పుడు రమ్మనాలో, తమ్ముడితో పాత తగవు ఏమి చేయాలో చెప్పుకోవటానికి ఆయనకు సమయం కావాలి. ఆ మాటలు వినటం తెలిసినవారు వున్నచోట పూజారినీ, పాస్టరునూ, మౌల్వీనీ లోపలికి రానిస్తారు. మజ్జిగన్నం ముద్ద అడిగితే పథ్యం పేరుతో కాదనరు. ఆఖరి క్షణంలో వెంటిలేటరు వద్దనుకునేవారి ఇష్టాన్ని ముందుగా రాసిపెట్టుకోవటాన్ని సుప్రీంకోర్టు 2018లో ఆమోదించింది. ఆ సంగతి ఎత్తితే బెదిరిపోయే సంస్థకు ఈ పని కొత్త అని తెలుసుకోవాలి.

ప్రభుత్వం చేయవలసింది కూడా వుంది. కేరళలో 1993లో కోళికోడ్‌లో కొద్దిమంది డాక్టర్లు మొదలుపెట్టిన పని వూరూరా పాకింది. అక్కడి ప్రభుత్వం 2008లో దీనికి ఒక విధానాన్నే ప్రకటించి పంచాయతీలను భాగస్వాములను చేసింది. నర్సు జీపులో వస్తుంది, వూరివారు బియ్యం, మందులు చూసుకుంటారు. మనవారికి చేతకాని పని కాదిది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో శవాలు ఎత్తినవారు, గంజి కాచి పోసినవారు ఎక్కడెక్కడి వూళ్ల నుంచో వచ్చిన మామూలు జనమే. ఆ రోజులు చూసినవారు ఇంకా మన మధ్య వున్నారు.

ఉపశమన సేవకు జాతీయ కార్యక్రమం 2012లోనే వచ్చింది. దాని ఫలం పల్లెకు చేరాలంటే విజయవాడ ప్రభుత్వాస్పత్రిలోను, బందరు ఆస్పత్రిలోను వారంలో ఏ రోజు, ఏ గదిలో నొప్పి వైద్యం దొరుకుతుందో, మార్ఫిన్ ఏయే చోట్ల దొరుకుతుందో రాసి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించాలి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు ఇది ఒక్క రోజు పని. ఇళ్లకు తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు పుండు కట్టటం, రోగిని పక్కకు తిప్పటం నేర్పాలి. ఇది క్యాన్సరువారికే అనుకోవద్దు. ఎ.కొండూరు తండాలలో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవారికి, పక్షవాతం వచ్చి ఏళ్ల తరబడి లేవనివారికి కూడా ఇదే సేవ కావాలి. బోర్డులు పెట్టుకున్న ప్రైవేటు సంస్థలను కూడా అధికారులు రాత్రిపూట వెళ్లి తనిఖీ చేయాలి. పగలు వెళితే ఏమి కనిపిస్తుందో పైన చెప్పాము.

డాక్టరు దగ్గరకు వెళ్లేవారు పాత డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, ప్రస్తుతం వాడుతున్న మందుల చీటీలు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని తీసుకువెళ్లాలి. రోగి రాలేని స్థితిలో వుంటే ఆ కాగితాలతో ఇంటివారు వెళ్లి మాట్లాడవచ్చునా అని ముందుగా ఫోను చేసి అడగవచ్చు. మార్ఫిన్ బిళ్లలను పిల్లలకు అందని పెట్టెలో తాళం వేసి వుంచాలి. మనిషి పోయిన తర్వాత మిగిలిన బిళ్లలను లెక్కపెట్టి ఇచ్చినచోటనే తిరిగి అప్పగించాలి.