గృహోద్యానము: వ్రేలుకొమ్మల ఫైకసు



ఇటీవల మన యిండ్ల వసారాలయందు కుండీలలో నొక చిన్నచెట్టు కానవచ్చుచున్నది. సన్నని కొమ్మలు క్రిందికి వ్రేలాడుచుండ, నిగనిగలాడు చిన్నయాకులతో అది కనులపండువుగా నుండును. మొక్కల నమ్మువారు దీనిని ఫైకసు అందురు. శాస్త్రజ్ఞులు ఫైకస్ బెంజమినా యని పేరిడిరి. పేరు క్రొత్తదైనను కులము మనకు ప్రాతదే. మఱ్ఱి, రావి, మేడి, జువ్వి దీని జ్ఞాతులు. అమరకోశమున మఱ్ఱికి న్యగ్రోధమని పేరు. క్రిందికి పెరుగునది యని దాని యర్థము. మన జిల్లాలోనే కదిరి చేరువ గూటిబయలున తిమ్మమ్మ మఱ్ఱిమానును చూచినవారికి ఆ పేరు తగినదని తోచును. ఊడలు దిగి సుమారు అయిదెకరములు వ్యాపించిన యా వృక్షము 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. అట్టి వంశపు బిడ్డ గనుక ఫైకసును గోడప్రక్క నేలలో నాటరాదు. వేళ్లు పునాదులను, నీటిగొట్టములను చెఱచును. కుండీయే దానికి తగిన చోటు.

ఈ మొక్కను దెచ్చినవారందఱి మొఱ యొక్కటే: వచ్చిన పదిదినములకే ఆకులు రాలిపోయెనని. కారణము వినుడు. ఇవి తఱచుగా కడియపు తోటలనుండియో, బెంగుళూరినుండియో వచ్చును. అచ్చటి నీడకును, గాలికిని అలవడిన మొక్క మన చెన్నేకొత్తపల్లి పొడిగాలిలోనికి రాగానే తొట్రుపడును. ప్రాతయాకులను విడిచి, ఈ వెలుతురునకు తగిన క్రొత్తయాకులను తొడుగుకొనును. ఇది చావు కాదు, అలవాటు పడుట. దాహమని తలచి దినదినము నీరు పోసినచో వేళ్లు కుళ్లి నిజముగనే చచ్చును.

మా పొరుగింటి వదినె అట్టి మోడును పెంటపై వేయబోవగా, నేను గోటితో బెరడు గీరి చూపితిని. లోపల పచ్చగా నుండెను. ఆఱువారములలో చిగురుపట్టినది. మీరును పారవేయుటకు ముందు ఈ పరీక్ష చేయుడు.

పెంపక మిట్లు: అడుగున రంధ్రమున్న కుండీలో ఎఱ్ఱమన్ను, ఇసుక, చివికిన పశువులయెరువు కలిపి నింపవలెను. ఉదయపుటెండ సోకు తూర్పుకిటికీ చెంత నుంచి, పడమటి వడగాలి తగులనీయరాదు. ఒకసారి యుంచినచోటినుండి మాటిమాటికి కదల్పరాదు. వ్రేలు ఒక కణుపు లోతున గ్రుచ్చి, మన్ను పొడిగా నున్నప్పుడే నీరు పోయవలెను. రెండేండ్లకొకమాఱు తొలకరిలో కుండీ మార్పవచ్చును. ఆకులపై పిండినల్లి కానవచ్చిన సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడువుడు.

ఒక హెచ్చరిక. దీని జ్ఞాతులవలెనే ఇదియు పాలుగారు చెట్టు. ఆ పాలు చేతికంటిన కొందఱికి దద్దురులు లేచును, కంటబడిన మండును. కొమ్మ కత్తిరించిన వెంటనే చేతులు కడుగుకొనుడు. ఆకులు నమలిన పసిపిల్లలకును, పిల్లులకును వాంతులు కావచ్చును గనుక కుండీని వారి కందని యెత్తున నుంచుడు. ఉబ్బసమున్నవారి పడకగదిలో దీనిని పెట్టకుండుట మేలు.

ఈ మాత్రము తెలిసియున్నచో ఆకులు రాలినను మీరు బెదరరు. మొక్కయు మీ యింట నిలుచును.