ముద్రలోని సంవత్సరము

పాత వస్తువుల అంగడిలో ఇంగ్లండు దేశపు ప్యూటరు తేనీటి కూజా చేతికి వచ్చినవారు మొదట దానిని బోర్లించి అడుగున ముద్రను వెదకుదురు. అందు నాలుగంకెలు కానవచ్చెనా, అదియే దాని జన్మసంవత్సరమని తీర్మానింతురు. ఈ తొందరవలన ముద్రకు లేని సాక్ష్యము అంటగట్టబడుచున్నది.

ప్యూటరు తగరము ప్రధానముగా గల మిశ్రలోహము. చూపునకు మన సత్తుగిన్నెలకు చుట్టము. లండనులో ఈ పనివారి సంఘము ప్రాచీనమైనది. ప్రతి పనివాడును తన ముద్రను సంఘమందిరములోని ఫలకముపై కొట్టి చూపవలసి యుండెను. పూర్వపు ఫలకములు 1666 నాటి అగ్నిప్రమాదమున నశించినవి. తరువాతివి నిలిచినవి గనుక పోల్చి చూచుటకు ఆధారము కలదు. కొన్ని ముద్రలలో సంవత్సరము కూడ ఉండును. అది పనివాని వృత్తిజీవితమునకు సంబంధించినది. అదే అచ్చుతో అతడు తరువాత ఎన్నో ఏండ్లు కొట్టుచునే యుండవచ్చును. తాళపత్రప్రతి చివరనున్న తేదీ లేఖకునిదే గాని కవిది కాదని తెలుగు విద్యార్థికి వేరుగ చెప్పవలెనా?

వెండిపాత్రలను అనుకరించి కొట్టిన నాలుగు చిన్న ముద్రలు మరింత మోసపుచ్చును. వెండికి ఏటేట మారు సంవత్సరాక్షరము కలదు. ప్యూటరునకు అట్టిది లేదు. కిరీటము క్రింది ‘ఎక్స్’ గుర్తు నాణ్యమునకు చిహ్నమే గాని కాలమును తెలుపదు.

నేడు ఎక్కువగా దొరకు కూజాలు 19వ శతాబ్దిలో షెఫీల్డు కర్మాగారములు చేసిన బ్రిటానియా లోహపువి. జేమ్స్ డిక్సన్ సంస్థ కుమారులు భాగస్వాములైన కొలది ముద్రలో ‘సన్’ అనియు, పిదప ‘సన్స్’ అనియు మార్చుకొన్నది. ఇట్టి మార్పు నిజముగా పనికివచ్చును. అడుగుననున్న అంకెలు మాత్రము తరచుగా నమూనా సంఖ్యలే. పాపము, వానిని సంవత్సరములుగా చదివి మురిసిపోవువారు ఎందరో!

‘ఇ.పి.బి.ఎం.’ అను అక్షరములు విద్యుత్తుతో వెండిపూత వేసినట్లు తెలుపును. ఆ విధానమునకు ఎల్కింగ్‌టన్‌లు పేటెంటు పొందినది 1840లో గనుక కూజా అంతకు ముందుది కాజాలదు. వజ్రాకారపు గుర్తు 1842 నుండి 1883 వరకు నమోదైన నమూనాలది. దాని మూలలలోని అక్షరములు నమూనా నమోదైన దినమును చెప్పును, పోతపోసిన దినమును కాదు. ‘ఇంగ్లండు’ అను పేరు సాధారణముగా 1890 నాటి అమెరికా సుంకపు చట్టము తరువాతి ఎగుమతి సరకును సూచించును.

కావున ముద్ర పూర్వావధిని మాత్రమే నిర్ణయించును. మిగిలినది మూతకీలు, అతుకు, పిడి, చేయి తగులు చోటి అరుగుదల చెప్పవలెను. ‘1842 తరువాత’ అని చీటి వ్రాసిన అంగడివాడు అరుదు. ‘1842’ అని వ్రాసినచో వెల పెరుగును మరి.