ఎదురింటి ప్రార్థన

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అపార్ట్‌మెంట్లలో గురువారం సాయిబాబా మందిరానికి వెళ్లే కుటుంబమూ, ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబమూ ఎదురెదురు గుమ్మాలలో ఉండడం సాధారణమే. పిల్లలకు ఆ భేదం తెలియదు. ఎదురింట ఆడుకుని వచ్చిన పసివాడు, ‘‘వాళ్లు ప్రార్థన చేశాకే అన్నం తింటారు. మనమెందుకు చెయ్యం నాన్నా?’’ అని అడిగితే మీరేమంటారు? ‘‘వాళ్ల సంగతి మనకెందుకు’’ అని కసురుకునే తండ్రులను ఎరుగుదును. ఆ విసుగులో కోపం కన్నా సిగ్గే ఎక్కువేమో!

భోజనానికి ముందు పరిషేచన చేసి, భగవద్గీత నాలుగవ అధ్యాయంలోని 24వ శ్లోకం పఠించడం మన పెద్దల ఆచారం. తైత్తిరీయోపనిషత్తులో భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలుసుకున్నది అన్నమే బ్రహ్మమని. అటువంటి అన్నాన్ని సెల్‌ఫోన్ చూపిస్తూ పిల్లల నోట కుక్కుతున్నాం. అర్చకుల ఇళ్లూ ఇందుకు మినహాయింపు కావు, మా ఇంటితో సహా.

ఎదురింటివారు పిల్లలతో కూర్చుని పాడే కీర్తనలలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో రచించినవీ ఉండవచ్చు. ఆ పాట వినిపించినప్పుడు టీవీ శబ్దం పెంచకండి. పసివాడి ప్రశ్నకు ఈ పూట వడ్డనకు ముందే సమాధానం చెప్పండి. ఉపనయనం కానివాడికి పరిషేచన అక్కరలేదు, శ్లోకం చాలు. మీకు మరపున పడిందా? పుస్తకం తీసి, ఇద్దరూ కలిసి చదవండి.